కొసరంత పాదం

మాస్టారి వంటింట్లో సింకు ముందు ఇద్దరు నిలబడే చోటుంది. ఆయన ఎప్పుడూ ఎడమ పక్క నిలబడతాడు. గిన్నెలు తోమేది కుడి పక్క మనిషి. కడిగినవి అందుకుని, తుడిచి, బోర్లించేది ఎడమ పక్క మనిషి. ఇరవై ఆరేళ్ళుగా అదే ఏర్పాటు. కుడి పక్క మనిషి పోయి నాలుగు నెలలైంది. ఇప్పుడు తోమేదీ ఆయనే, తుడిచేదీ ఆయనే. అయినా ఎడమ పక్కనే నిలబడి, పంపు అందక చెయ్యి చాపి, రోజూ చొక్కా మోచేతి దాకా తడుపుకుంటాడు. ఒక్క అడుగు జరిగితే సరిపోతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆయన బళ్ళో తెలుగు చెబుతాడు. ఆయన భార్య అదే బళ్ళో ఆటల టీచరు. చుట్టుపక్కల వాలీబాల్ పోటీ ఎక్కడ జరిగినా రిఫరీ స్టాండు ఎక్కేది ఆవిడే. పిల్లలు ఈలమ్మ అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు, ఆఖరికి ఆవిడే ఫోనెత్తి "ఈలమ్మని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది. అసలు పేరుతో ఎవరైనా అడిగితే ఎవరి గురించో తెలియడానికి మాస్టారికే ఒక క్షణం పట్టేది.

ఆవిడ పంతొమ్మిదేళ్ళు ఒక వారపత్రిక ఆటల పేజీలో 'గీత లోపల' అనే శీర్షిక నడిపింది. పాఠకులు కార్డుల మీద ప్రశ్నలు రాసేవాళ్ళు. బంతి గీత మీద పడితే లోపలా, బయటా? తలకి తగిలితే తప్పా? వెనక వరుసలో ఉన్న ఆమె ముందుకొచ్చి ఎగిరి కొట్టొచ్చా? అడిగిందే అడిగేవాళ్ళు. ఆవిడ చెప్పిందే చెప్పేది, విసుక్కోకుండా. "గీత కూడా లోపలే, ఎన్నిసార్లు చెప్పాలర్రా" అని తనలో తను నవ్వుకుంటూ, వాడేసిన స్కోరు షీట్ల వెనక పెన్సిలుతో గీకేది. ఆ చిత్తుని మాస్టారు సాపు రాసేవాడు. చిత్తు కాగితం పాత పేపర్ల కట్టలోకి పోయేది. సాపు ప్రతి పత్రికకి పోయేది.

ఈ వారం మొదట్లో పత్రిక సబ్ఎడిటర్ ఫోన్ చేసింది. ఆమె ఒకప్పుడు మాస్టారి విద్యార్థిని. వ్యాకరణంలో నూటికి తొంభై ఆరు తెచ్చుకున్న పిల్ల.

"మాస్టారూ, 'గీత లోపల' ఆఖరిసారి వేద్దామనుకుంటున్నాం. పెద్ద ఫొటోతో. టీచరుగారి దగ్గర మిగిలిపోయిన ప్రశ్నలు ఉండే ఉంటాయిగా. వచ్చే గురువారం లోగా జవాబులు మీరు రాసిచ్చెయ్యండి."

"నేనా? నాకు ఆట రాదమ్మా. నేను సాపు చేశానంతే."

"అయ్యో, రాసింది మీరే కదా మాస్టారూ! ఆ భాష ఎవరిదో మాకు తెలీదా? మా క్లాసంతా అనుకునేది, ఈలమ్మ టీచరు ఊదుతుంది, మాస్టారు పలుకుతారు అని."

ఆమె మెచ్చుకోలుగానే అంది. ఆయన సరేనని ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక చాలాసేపు ఆ కుర్చీలోంచి లేవలేదు.

ఆయనకి కావలసింది ఒకటే. రాసే జవాబులు ఆవిడ చెప్పినట్టుండాలి. చదివినవాళ్ళు స్టాండు మీంచి ఆవిడే వంగి చెప్పినట్టు వినాలి. ఆఖరిసారి కాబట్టి, కనీసం ఆఖరిసారైనా. అందుకని పాత కత్తిరింపులు అంటించిన పుస్తకాలు దించాడు. దగ్గర దగ్గర తొమ్మిది వందలు. మూడు సాయంత్రాలు కూర్చుని చదివాడు, ఆవిడ గొంతు దొరికితే దాన్ని పట్టుకుని రాద్దామని.

దొరకలేదు. 'బంతి గీతను స్పృశించినచో అది లోపల పడినట్లుగానే పరిగణించబడును.' 'క్రీడాకారిణి తన స్థానమును అతిక్రమించరాదు.' పేజీ తర్వాత పేజీ అదే ధోరణి. ఆవిడ జన్మలో 'స్పృశించినచో' అని ఉండదు. నోరు తిరిగేది కాదు. పంతొమ్మిదేళ్ళ పాటు ఒక మనిషి వారం వారం మాట్లాడితే, అందులో ఒక్క మాట కూడా మిగలకుండా ఎంత శుభ్రంగా ఇస్త్రీ చేశాడో ఆయనకి ఇప్పుడు కనిపించింది. ఆవిడని వెతుక్కుంటూ వెళ్ళిన ప్రతి వాక్యం దగ్గరా ఆయనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఫోన్లో రెండు వీడియోలు ఉన్నాయి. రెండింటిలోనూ ఆవిడ నోట్లో ఈల ఉంది.

ఇక మిగిలింది ఆటబూట్లు కొన్నప్పటి అట్టపెట్టె. అందులో జవాబు చెప్పని కార్డులు పదకొండు. పైది తీశాడు. 'సర్వీసు అందుకునేటప్పుడు వెనక వరుస మధ్యలో ఉన్న ఆమె, ముందు వరుస చివర ఉన్న ఆమె కన్నా ముందుకి రావచ్చా?' దీనికి జవాబు ఆయనకి తెలుసు. ఎందుకంటే ఒకసారి ఈ భోజనాల బల్ల మీదే ఆవిడ డబ్బాలు పేర్చి చూపించింది. ఉప్పు, పంచదార, టీ పొడి ముందు వరుస. సబ్బు పెట్టె, అగ్గిపెట్టె వెనక వరుస చివర్లలో. వెనక మధ్యకి ఆరో వస్తువు దొరక్క మాస్టారి కళ్ళజోడు లాక్కుని పెట్టింది.

"ఇది మీరు. ఆరో నంబరు. కదలకండి."

"కళ్ళజోడు లేకపోతే నాకు ఆటే కనపడదు కదా, ఇంక కదలడమేమిటి."

"వినండి. మీకు పట్టింపు ముగ్గురితోనే. ఎదురుగా పంచదార, అటు సబ్బు పెట్టె, ఇటు అగ్గిపెట్టె. మిగతావాళ్ళు ఎక్కడ నిలబడితే మీకేం? అదైనా అవతలామె చెయ్యి బంతికి తగిలేదాకానే. తగిలిందా, ఇంక ఎవరిష్టం వాళ్ళది."

అంత స్పష్టంగా గుర్తుంది. కానీ కాగితం మీద కలం పెట్టేసరికి 'క్రీడాకారిణి' అని పడింది. చింపేశాడు. మళ్ళీ రాశాడు. 'పరిగణించబడదు' అని వచ్చింది. అలవాటైన చెయ్యి, గంట కొట్టగానే లేచి నిలబడే పిల్లవాడిలాగా, చెప్పకుండానే లేస్తుంది.

పెట్టె అడుగున ఒక కార్డు ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మాస్టారు మళ్ళీ అడుక్కే తోసేస్తున్నాడు. 'ఒకరికి దెబ్బ తగిలి వెళ్ళిపోతే, బదులు దింపడానికి ఎవరూ లేకపోతే, మిగిలిన ఐదుగురూ ఆడొచ్చా?'

ఆదివారం పొద్దున్న పది గంటలకి తలుపు తట్టిన చప్పుడైంది. ముప్పై ఏళ్ళ అమ్మాయి, భుజానికి సంచీ, వేళ్ళ చివర్లు తెల్లగా పొడిబారి ఉన్నాయి.

"నమస్కారం మాస్టారూ. నేను మీ బడి పిల్లని కాదు, అవతలి బడి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానపడతాను. నా పేరు చెప్పినా మీకు తెలీదు. వెనకపాదం అంటే మా బ్యాచ్ వాళ్ళందరికీ తెలుసు."

"వెనకపాదమా?"

"అదో పెద్ద కథ లెండి. కూర్చోవచ్చా?"

కూర్చుంది. మాస్టారు రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. పంచదార ఎక్కువైంది. ఆమె ఒక గుక్క తాగి, ఏమీ అనకుండా ఇంకో గుక్క తాగింది.

"పద్నాలుగేళ్ళ క్రితం మాట. స్కూళ్ళ ఫైనల్సు. చివరి సెట్టు. వాళ్ళు పద్నాలుగు, మేం పదమూడు. సర్వీసు వాళ్ళది. నేను ముందు వరుస మధ్యలో ఉన్నాను, మూడో నంబరు. నా వెనకాల ఆరో నంబరు అమ్మాయి. వాళ్ళు బంతి కొట్టారు, ఈల మోగింది. మా స్థానాలు తప్పు అని పాయింటు వాళ్ళకిచ్చేశారు. పదిహేను. అయిపోయింది మాస్టారూ. మేం బంతి ముట్టుకోకుండానే ఓడిపోయాం."

"ఈలమ్మేనా రిఫరీ?"

"ఆవిడైతే ఈ కథే లేదు కదా! ఆవిడ ఆ రోజు ఇంకో మైదానంలో ఉంది. మాకొచ్చింది ఓ పోస్టాఫీసు గుమాస్తా. సెలవు రోజుల్లో సరదాకి ఈల వేసుకునేవాడు. నేను వెళ్ళి అడిగాను, నా ముందు కాలు ముందే ఉందిగా అంకుల్ అని. జేబులోంచి పేపరు ముక్క తీసి చూపించాడు. 'మీ ఈలమ్మే రాసింది చూడు, పాదములు అని ఉంది. నీ రెండో పాదం వెనక్కి ఉంది' అన్నాడు. ఇంక ఆ రోజు నుంచి నేను వెనకపాదం."

మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. ఆమె అది గమనించలేదు, కథలో పడిపోయింది.

"పేరుదేముంది, పడ్డాను. అసలు గోల అది కాదు. ఆ ఆరో నంబరు పిల్ల నేను వెనక్కి జారానంటుంది. నేను, అదే ముందుకి తోసుకొచ్చిందంటాను. ఇప్పుడు ఆ పిల్లే నా తోడికోడలు."

"ఆఁ?"

"అవును మాస్టారూ. మా మరిదికి మంచి పిల్ల కావాలంటే, నా నోటితో నేనే చెప్పాను, నాతో ఆడిన అమ్మాయి ఉంది, నెమ్మదస్తురాలు అని. నెమ్మది! ఒకే వంటిల్లు. పాలు పొంగినా, అన్నం మాడినా, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఆ పాయింటు దగ్గరికే వస్తాం. 'నువ్వు ఆ రోజూ ఇంతే, నీ చోట్లో నువ్వుండవు' అంటుంది. మా పిల్లలు 'పద్నాలుగు పదమూడు మొదలైందిరా' అని తలుపేసుకుంటారు."

మాస్టారికి నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది. వచ్చినందుకు కాస్త సిగ్గు కూడా వేసింది.

"రూలు పుస్తకం చూపించకపోయావా అమ్మా?"

"చూపించాను. 'అది ఇంగ్లీషు, నాకర్థం కాదు, ఈలమ్మ చెబితే వింటాను' అంది. సరే, ఇద్దరం కలిసి వెళ్ళి ఆవిడ్నే అడుగుదాం అనుకున్నాం. ఇవాళా రేపూ అనుకుంటూ ఏళ్ళు గడిపేశాం. ఆవిడెక్కడికి పోతుందిలే అని." ఆమె గ్లాసులోకి చూసింది. "ఆఖరి 'గీత లోపల' వస్తోందని పేపర్లో చూశాను. అందుకని వచ్చాను. ఆ రూలు ఇంకొక్కసారి వేయించండి మాస్టారూ. సరిగ్గా వేయించండి. ముందామె పాదం కొసరంత ముందుంటే చాలు అని. వేస్తే కత్తిరించి వంటింటి గోడకి అంటిస్తాను. మా ఇద్దరిదీ తప్పు కాదని అదీ తెలుసుకుంటుంది."

మాస్టారు ఆమె వైపు చూశాడు.

"ఏమన్నావమ్మా?"

"గోడకి అంటిస్తానని."

"కాదు. అంతకు ముందు. కొసరంత అన్నావు."

ఆమె చూపు సంచీ మీదికి పోయింది.

"ఆ మాట నీకెవరు చెప్పారు? అది ఎప్పుడూ అచ్చు కాలేదు."

కాలేదని ఆయనకి నిశ్చయంగా తెలుసు. ఎందుకంటే ఆ మాట కొట్టేసింది ఆయనే. పద్నాలుగేళ్ళ కిందటి ఆ సాయంత్రం ఇప్పుడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఎర్రకలం చేతిలో ఉంది. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. 'ముందామె పాదం కొసరంతైనా' అని చిత్తులో ఉంది. కొసరు ఏమిటోయ్, బజారు మాట, అన్నాడు తను. బజారుకి వెళ్ళేది నేనేగా మాస్టారూ, కొసరెంతుంటుందో మీకేం తెలుసు, అంది ఆవిడ, తల ఎత్తకుండా. ఆయన నవ్వి, ఆ మాట మీద గీత గీసి, 'ముందు వరుస క్రీడాకారిణి పాదములు' అని రాశాడు. ఒక పాదం రెండైంది. కొసరు పోయింది. వాక్యం చక్కగా నిలబడింది. పిల్లలకి జీవితమంతా చెబుతూ వచ్చాడు, ఒక్క అక్షరం పోతే అర్థం పోతుందని.

"నేను కొట్టేశాను ఆ మాట," అన్నాడు మాస్టారు. గొంతు మామూలుగానే ఉంది. "నీ పాయింటు పోగొట్టింది పోస్టాఫీసు గుమాస్తా కాదమ్మా."

"అందుకే చెప్పొద్దంది ఆవిడ," అంది ఆమె గబుక్కున. అనేశాక నాలిక కరుచుకుంది.

వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చెయ్యలేక తన్నుతున్నారు. ఏడు తన్నులు తన్ని ఊరుకున్నారు.

ఆమె సంచీలోంచి ఒక కళ్ళజోడు పెట్టె తీసింది. అందులో కళ్ళజోడు లేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. స్కోరు షీటు.

"ఓడిపోయినప్పుడు నేను ఉత్తరం రాశాను. పేపర్లో జవాబిస్తుందనుకున్నాను. ఇంటికి రాసింది. ఎవరికీ చూపించొద్దంది. మీకు అసలే వద్దంది. పద్నాలుగేళ్ళు చూపించలేదు మాస్టారూ, మా తోడికోడలికి కూడా. ఒక్క మాట జారింది, అంతే."

మాస్టారు కాగితం విప్పాడు. పెన్సిలు రాత. ఎడమకి వాలిపోయే అక్షరాలు.

'అమ్మాయీ, నీ ఉత్తరం చదివాను. ముందు ఏడుపు మానెయ్. నీ ముందు కాలు ముందే ఉందని నువ్వే రాశావు. అయితే నీ స్తానం సరిగ్గానే ఉంది. రూలేంటంటే, ముందామె పాదం ఒక్కటి, అందులోనూ కొసరంత, తన వెనకామె పాదం కన్నా వలకి దగ్గరుంటే చాలు. రెండో పాదం ఎక్కడేసుకున్నా రిఫరీ సొమ్మేం పోదు. నేను చిత్తులో అదే రాశాను. మా ఇంట్లో ఇస్త్రీ చేసేటప్పుడు ఆ ముక్క కాలిపోయింది. ఇస్త్రీ చేసినాయన మంచోడే. నా రాత చూసి ఎవరూ నవ్వకూడదని ఆయన తాపత్రయం. ఈ విశయం తెలిస్తే అన్నం మానేస్తాడు. అందుకని తప్పు నాదేనని ఆయన ఊళ్ళో లేనప్పుడు పేపర్లో ఒక ముక్క వేయిస్తున్నాను. నువ్వు ఇది ఎవరికీ చూపించకు, మా మాస్టారికి అసలే వద్దు. నువ్వూ, నీ వెనకాల పిల్లా ఇద్దరూ సరిగ్గానే నిలబడ్డారు. ఆ పిల్లతో మాట్లాడు. సున్నం గీతలు వానొస్తే పోతాయి, మనుషులు రోజూ ఎదురుపడతారు. ఉంటాను.'

ఆ ఏడు ఆయన పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీకి పది రోజులు వేరే ఊరు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ వారం కత్తిరింపు అంటించి లేదు. పత్రిక రాలేదని చెప్పింది ఆవిడ. పుస్తకంలో ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది.

మాస్టారు ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నాలుగు తప్పులు కనిపించాయి. రెండోసారి రెండు కనిపించాయి. మూడోసారి చదువుతూ 'రిఫరీ సొమ్మేం పోదు' దగ్గరకొచ్చేసరికి, ఆ మాట కంటికి కాకుండా చెవికి వినిపించింది. వంటింట్లోంచి, పంపు చప్పుడు మీదుగా, కొంచెం గట్టిగా.

"పేపర్లో వేసిన ఆ ముక్క మేం చూడలేదు," అంది ఆమె మెల్లగా. "ఎక్కడో అడుగున వేసుంటారు. ఆ గుమాస్తా కూడా చూడలేదు, ఎవ్వరూ చూడలేదు." తర్వాత ఇంకాస్త మెల్లగా అంది, "ఉత్తరం మాత్రం నాది మాస్టారూ. మీరు అడిగితే ఇచ్చేస్తాను. ఇచ్చాక ఏడుస్తాను. అందుకని అడక్కండి."

"అడగనమ్మా. ఒక్క అరగంట ఉండు. కాగితం తెచ్చుకుంటాను."

ఎర్రకలం పక్కనే ఉంది, ముట్టుకోలేదు. పెన్సిలు వెతికి తెచ్చుకున్నాడు. ఉత్తరం ఎడమ పక్కన పెట్టుకుని సాపు రాయడం మొదలుపెట్టాడు. 'స్తానం' దగ్గర చెయ్యి ఆగింది. ఇరవై తొమ్మిదేళ్ళు పిల్లల నోట్సుల్లో తకి వత్తు పెట్టిన చెయ్యి అది, దానంతటది పోబోయింది. పట్టి ఆపాడు. ఉన్నదున్నట్టు రాశాడు. 'విశయం' కూడా అలాగే రాశాడు. 'మంచోడే' అన్న చోట ఎక్కువసేపు పట్టింది. అక్కడ తప్పేమీ లేదు.

ఆమె ఊరికే కూర్చోలేక గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మాస్టారు కూర్చున్న చోటి నుంచి సింకు కనిపిస్తుంది. ఆమె కుడి పక్క నిలబడింది. గ్లాసు కడిగి, చూడకుండా, ఎడమ వైపుకి చెయ్యి చాపింది. అక్కడ ఎవరూ లేరు. చెయ్యి ఒక క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వి గ్లాసు గట్టు మీద పెట్టింది.

"మా తోడికోడలు అందుకుంటుంది మాస్టారూ. అలవాటు."

ఆయన తల ఊపి రాతలోకి వంగాడు. పెన్సిలు కనపడక కాసేపు ఆగాల్సి వచ్చింది.

ఆమె వెళ్ళిపోయాక ఆ సాయంత్రమే జవాబులు రాయడానికి కూర్చున్నాడు. ముందు సాపు ప్రతిని ఒకసారి పైకి చదువుకున్నాడు. వెంటనే, ఆ చెవిలో మాట చల్లారకుండా, కార్డులు తీసుకున్నాడు. మొదట ఈ నాలుగు వాక్యాలు పడ్డాయి: 'పద్నాలుగేళ్ళ కిందట ఈ శీర్షికలో ఒక రూలు తప్పు పడింది. రాసినావిడ కొసరంత అని సరిగ్గానే రాసింది. దిద్దినవాడు కొట్టేశాడు. ఆ తప్పుకి ఓడిపోయిన పిల్లలిద్దరూ ఆ రోజు తమ స్థానాల్లోనే ఉన్నారు.' కింద రూలు, ఉత్తరంలో ఉన్న మాటలతోనే.

పై పది కార్డులకీ జవాబులు దాదాపు వాటంతటవే వచ్చాయి. కళ్ళజోడూ అగ్గిపెట్టే వచ్చాయి. 'గీత కూడా లోపలే, ఎన్నిసార్లు చెప్పాలర్రా' వచ్చింది. అక్కడక్కడా చెయ్యి పాత దారి పట్టబోతే, సాపు ప్రతి వైపు చూసి మళ్ళించుకున్నాడు. అన్నీ అయ్యాక అడుగున ఉన్న కార్డు మిగిలింది. ఐదుగురూ ఆడొచ్చా? రూలు పుస్తకం తీసి చూశాడు. ఆవిడ పెన్సిలు గీత అక్కడే ఉంది. రాశాడు.

'ఆడకూడదమ్మా. ఆరుగురు లేకపోతే అది జట్టు కాదంటుంది రూలు. ఎంత బతిమాలినా రిఫరీ ఒప్పుకోదు, సెట్టు అవతలివాళ్ళకి రాసేస్తుంది. కానీ అప్పటిదాకా మీరు గెల్చుకున్న పాయింట్లు మీవే. అవి స్కోరు షీటు మీద ఉంటాయి. వాటిని ఎవరూ కొట్టెయ్యరు.'

ఆ చివరి మాటలు ఆవిడవో తనవో ఆయనకి తెలియలేదు. దిద్దకుండా మడిచి కవర్లో పెట్టాడు.

గురువారం సాయంత్రం సబ్ఎడిటర్ ఫోన్ చేసింది. మాస్టారు సింకు దగ్గర ఉన్నాడు. తడి చేత్తోనే ఎత్తాడు.

"మాస్టారూ, మీరు పంపింది చూస్తున్నాను. ఇది మీరు రాసిందేనా?"

"ఎందుకమ్మా?"

"ముందామె, వెనకామె అని ఉంది. క్రీడాకారిణి అని మార్చేస్తున్నాను."

"మార్చకు."

"మార్చొద్దా? మీరే కదా మాస్టారూ, నా వ్యాసంలో 'ఆమె' పక్కన ఎర్రసున్నా చుట్టి..."

"చుట్టాను. నీది బళ్ళో వ్యాసం. ఇది ఆవిడ మాట. ఉండనీ."

"సరే. రూలు దగ్గర 'స్తానం' అని ఉంది, తకి వత్తు లేదు. అదీ అలాగే ఉంచమంటారా?"

మాస్టారు కొంచెం ఆలోచించాడు. "వత్తు పెట్టు. దానికి ఆవిడేమీ అనుకోదు."

అవతల కీబోర్డు టకటకమంది. ఆగింది. మళ్ళీ టకటకమంది.

"ఇంకొకటి మాస్టారూ. ఈ 'కొసరంత' అన్నది. 'కొంత భాగం' అని మార్చేశాను, ఫరవాలేదు కదా? మరీ బజారు మాటలా ఉందని."

"బజారు మాటేనమ్మా," అన్నాడు మాస్టారు. "మా ఇంట్లో బజారుకి వెళ్ళేది ఆవిడే. మళ్ళీ పెట్టెయ్."

అవతల ఒకదాని వెంట ఒకటి, నెమ్మదిగా, అక్షరాలు కొడుతున్న చప్పుడు వినిపించింది. అది పూర్తయ్యేదాకా ఆయన ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.